వినపడని గీత

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది పెద్దమ్మ, పెదనాన్న, మేడ మీద నీళ్ల ట్యాంకు గొట్టం బిగిస్తున్న ప్లంబరు, పొద్దున్నే బస్సు దిగి వచ్చిన కన్వీనరు, పిల్లి. పిల్లి అంటే పాలు తాగిపోయే పిల్లి కాదు. పెద్దమ్మ చెల్లెలి కూతురు, పదహారేళ్లది. అడుగు చప్పుడు లేకుండా తిరిగి, చూపులేని మనిషిని రోజుకి నాలుగుసార్లు ఉలిక్కిపడేలా చేస్తుందని పెద్దమ్మే ఆ పేరు పెట్టింది. వీళ్లు కాక కంప్యూటరులో ఒక గొంతు ఉంది. పెద్దమ్మకి వచ్చే మెయిళ్లన్నీ అదే చదివి పెడుతుంది. ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతుందని పెదనాన్న దాన్ని అత్తగారు అంటాడు. "అత్తగారితో కలిపి ఆరుగురం. టీ ఎన్ని కప్పులు?" అని వంటింట్లోంచి అడిగాడు.

పెద్దమ్మ పెరట్లో పీట మీద కూర్చుంది. ముందు నాలుగు డబ్బాలు, ఒక బేసిన్లో నీళ్లు. డబ్బాల్లో నాలుగు చోట్ల నుంచి పిల్లి తవ్వి తెచ్చిన మట్టి. కాలువ గట్టుది ఒకటి, ఇటుక బట్టీ దగ్గరిది ఒకటి, ఆటస్థలంది ఒకటి, పెరటిది ఒకటి. ఐదో తరగతి సైన్సు పుస్తకం కొత్తగా రాస్తున్న బృందంలో పెద్దమ్మ ఒక రచయిత్రి. ఆమె రాసిన పాఠం పేరు "చేతిలో మట్టి". పిల్లలు గుప్పెడు మట్టి తీసుకుని, కొంచెం కొంచెంగా తడిపి, చేతికి అంటుకోకుండా ఉండేదాకా పిసికి, బొటనవేలితో చూపుడువేలి మీదుగా నెట్టుకుంటూ పోవాలి. ఇసుక మట్టి వెంటనే తెగి పడిపోతుంది. జిగట మట్టి నాడాలాగా పొడుగ్గా వస్తూనే ఉంటుంది. చెవి దగ్గర పెట్టుకుని నలిపితే ఇసుక గరగరమంటుంది, బంకమన్ను ఏమీ అనదు. ఇదంతా కళ్లు మూసుకుని చెయ్యాలి.

కన్వీనరు కుర్తా చేతులు మోచేతుల దాకా మడుచుకుని కళ్లు మూసుకుంది. కాలువ గట్టు మట్టి ఆమె వేళ్ల మధ్య నుంచి జానెడు నాడాలా వేలాడింది.

"కళ్లు తెరిచావు" అంది పెద్దమ్మ.

"మీకెలా తెలిసిందక్కా?"

"పిసకడం ఆపేశావుగా. చూసేవాళ్ల చేతులు ఆగిపోతాయి."

కన్వీనరు నవ్వి మళ్లీ కళ్లు మూసుకుంది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే బళ్లో పక్కపక్క గదుల్లో పాఠాలు చెప్పారు. ఇప్పుడు ఆమె పుస్తకం మొత్తానికి పెద్ద. ఏ పాఠమైనా ప్రెస్సుకి వెళ్లాలంటే రాసినవాళ్లు సరే అని రాసి పంపాలి. ఆ సరేలన్నీ పోగుచేసేది ఆమే.

పిల్లి పని నోటుబుక్కులో రాయడం. ఏ మట్టి ఎంత పొడుగు సాగింది, ఎన్ని చుక్కల నీళ్లు పట్టింది, ఏ వాక్యం దగ్గర చదివేవాళ్లు తడబడతారు. వారం క్రితం అందులోనే ఒక మూల "జిగట మట్టి బొటనవేలిని ఒక పట్టాన వదలదు" అని రాసుకుంది. అది చదువుతుంటే విని పెద్దమ్మ, ఇది పాఠంలో పెట్టేస్తున్నానంది. పిల్లి ఆ మాట ఎవరికీ చెప్పలేదు. డైరీలో మాత్రం రాసుకుంది.

టీ తాగుతున్నప్పుడు కన్వీనరు పైవాళ్ల గొడవంతా చెప్పింది. చేతులు మురికవుతాయని ఒకరన్నారట. గంటలో సగం చేతులు కడుక్కోడానికే పోతుందని ఇంకొకరు. పెద్దమ్మ అన్నీ విని, కప్పు సాసర్లో పెట్టి, ఒకటే అంది. పుస్తకంలో ఇరవై పాఠాలున్నాయి. పంతొమ్మిదింట్లో బొమ్మ చూడండి, పటం చూడండి, గమనించండి అని ఉంది. చూపులేని పిల్ల ఆ పంతొమ్మిది రోజులూ పక్కన కూర్చుని వింటుంది. ఈ ఒక్కరోజు మిగతావాళ్లందరితో సమానంగా, వీలైతే వాళ్లకంటే బాగా చేస్తుంది. "అందుకని అడుగుతున్నాను. ఇది ఉండాలి."

"ఒక్క వాక్యం కూడా పోనివ్వనక్కా" అంది కన్వీనరు.

వెళ్లేముందు ఆమె పిల్లితో కలిసి డబ్బాలు కడిగింది. "మేడం ఏంటి, పిన్నీ అను. మీ పెద్దమ్మ నాకు అక్క కాదూ" అంది. పిల్లి తల దించుకుని డబ్బా లోపల రుద్దుతూనే పిన్నీ అని ఒకసారి అనుకుని చూసుకుంది. బాగానే ఉంది.

*

పెద్దమ్మ పంపే ప్రతి మెయిల్ అడుగునా రెండు వాక్యాలుంటాయి. "దయచేసి సాదా అక్షరాల్లో పంపండి. రంగులు నాకు వినపడవు." కంప్యూటరు గొంతు అక్షరాలు మాత్రమే చదువుతుంది. ఎర్రగా ఉన్నా నల్లగా ఉన్నా, లావుగా ఉన్నా సన్నగా ఉన్నా దానికి ఒకటే. అందుకని బృందంలో ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఏదైనా తీసెయ్యాలంటే దాని ముందు "తీసివేత మొదలు" అని, తర్వాత "తీసివేత ముగింపు" అని మాటల్లో రాస్తారు. కలపాలంటే "చేర్పు మొదలు", "చేర్పు ముగింపు". మెయిల్ చూడ్డానికి నాటకం కాగితంలా ఉంటుంది కానీ పెద్దమ్మకి అంతా తెలిసిపోతుంది. ఈ పద్ధతి ఏడాది క్రితం ఈ ఇంట్లోనే, ఈ గదిలోనే కన్వీనరూ పెద్దమ్మా కూర్చుని తయారుచేశారు.

మంగళవారం పొద్దున పదకొండు దాటాక ఆమె నుంచి మెయిల్ వచ్చింది. "అక్కా, తుది ప్రతి ఇదే. రేపు సాయంత్రంలోగా సరే అని పంపండి. మీదొక్కటే మిగిలింది." దాని కింద పాఠం.

పెద్దమ్మ కంప్యూటరు గొంతు వేగం తగ్గించింది. మామూలుగా అది పరిగెత్తినట్టు చదువుతుంది, ఆమెకొక్కదానికే అర్థమవుతుంది. ఈసారి పిల్లికి కూడా తెలిసేలా పెట్టింది. ప్రతి పేరా చివరా ఆమె వేళ్లు కీబోర్డు మీద ఆగేవి, తీసివేత మొదలు అన్న మాట కోసం. అది రాలేదు. తడపడం వచ్చింది, పిసకడం వచ్చింది, నాడా వచ్చింది, చెవి దగ్గర నలపడం వచ్చింది. బొటనవేలి వాక్యం దగ్గర పెద్దమ్మ పిల్లి వైపు తల తిప్పి కనుబొమలు ఎగరేసింది. ఒకచోట గొంతు "చిత్రం" అని ఒక ముక్క అని ముందుకి పోయింది.

"బొమ్మ కూడా వేయించింది" అంది పెద్దమ్మ. చివరిదాకా విని కుర్చీలో వెనక్కి వాలింది. "ఒక్క ముక్క తీయలేదే పిల్లీ. అన్నమాట నిలబెట్టుకుంది."

పెదనాన్న బూటు ఒకటి చేతిలోనే పట్టుకుని, పాలిషు గుడ్డతో గుమ్మంలోకి వచ్చాడు. అత్తగారి నోట ఇంత మంచిమాట వినడం ఇదే మొదటిసారన్నాడు. పెద్దమ్మ పైకి నవ్వకుండా నవ్వింది. సరే అని తర్వాత రాస్తాను, ముందు తలస్నానం చేసొస్తానని లేచి వెళ్లింది.

ఆ కంప్యూటరు తెర మీద ఎప్పుడూ ఒక తువ్వాలు కప్పి ఉంటుంది. చూసేవాళ్లు లేని తెర. పిల్లికి తన వాక్యం అచ్చులో ఎలా ఉంటుందో చూడాలనిపించింది. గొంతు చదివితే విన్నది, కానీ అక్షరాల్లో చూడలేదు. తువ్వాలు తీసి మడతపెట్టి, తెర బటను నొక్కింది.

మొదటి పేరా మామూలుగా ఉంది. రెండో పేరా నుంచి అక్షరాలన్నీ బూడిద రంగులో ఉన్నాయి. వాటి నడుమ నుంచి వెంట్రుకంత సన్నటి గీత ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకి పోయింది. వెంట్రుకే అనుకుని వేలితో తుడిచింది. పోలేదు. కింది వరసలోనూ ఉంది. దాని కింది వరసలోనూ. తడపడం మీద, పిసకడం మీద, నాడా మీద, చెవి మీద. "జిగట మట్టి బొటనవేలిని ఒక పట్టాన వదలదు" అన్నదాని నడుమ కూడా. గీతలన్నీ అయిపోయిన చోట బొమ్మ. బొమ్మలో ఒక పటం, దాంట్లో నాలుగు గళ్లు, నాలుగు రకాల గోధుమ రంగులు, ఒక్కోదాని కింద పేరు. పైన పెద్ద అక్షరాలతో "పటాన్ని గమనించి మట్టి రకాలను గుర్తించండి" అని ఉంది. ఆ అక్షరాలు కూడా బొమ్మలోవే. బొమ్మలోవి గొంతు చదవలేదు.

పిల్లికి ముందు కంప్యూటరు చెడిపోయిందేమో అనిపించింది. తర్వాత ఆ వరసలన్నీ కొట్టేశారని తెలిసింది.

బల్ల మీద పెద్దమ్మ ఫోను మోగింది. స్నానాల గదిలో నీళ్ల చప్పుడు. పిల్లి ఎత్తింది. కన్వీనరు. మెయిల్ వచ్చిందా, అక్క విన్నదా అని అడిగింది. విన్నదని చెప్పింది పిల్లి. ఆ తర్వాత, "పిన్నీ, తెర మీద గీతలున్నాయి" అంది.



"చూశావా?"

"చూశాను."

"బాగా చూశావా? ఏవి ఉన్నాయో ఏవి పోయాయో?"

"ఆఁ. చాలా పోయాయి."

కన్వీనరు గొంతు మెత్తబడింది. మూడు మీటింగుల్లో తాను పోట్లాడిన సంగతి చెప్పింది. పైవాళ్లు పాఠం మొత్తం తీసేస్తామంటే, కాళ్లావేళ్లా పడి ఈమాత్రం మిగిల్చానంది. ఇప్పుడు చెబితే అక్క కోపంలో తన పేరే వద్దంటుంది, పాఠమూ పోతుంది పేరూ పోతుంది అంది. "శనివారం నేనే వస్తాను. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, నెమ్మదిగా నేనే చెప్తాను. అప్పటిదాకా నీ దగ్గరే ఉంచు. నువ్వేమన్నా చిన్నపిల్లవా? నాలుగు రోజులు నీ కడుపులో ఆగదా?"

ఇంతవరకూ పిల్లిని ఎవరూ ఏదీ దాచమని అడగలేదు. దాచగలిగేంత పెద్దదని అనుకోలేదు. "ఆగుతుంది పిన్నీ" అంది.

పెద్దమ్మ తడిజుట్టుకి గుడ్డ చుట్టుకుని వచ్చింది. ఎవరు ఫోను అని అడిగితే, మెయిల్ వచ్చిందా అని కనుక్కున్నారని చెప్పింది పిల్లి. అది నిజమే. పెద్దమ్మ కుర్చీలో కూర్చుని, వేళ్లు కీబోర్డు మీద పెట్టి, ఆగింది.

"పిల్లీ, తెర ఒకసారి చూడు. నేను విన్నదీ అక్కడున్నదీ ఒకటేనా?"

తువ్వాలు ఇంకా పిల్లి చేతిలోనే ఉంది. తెర వెలుగుతూనే ఉంది. అక్షరాలన్నీ ఉన్నాయి కదా అనుకుంది పిల్లి. ఒక్క అక్షరం కూడా ఎక్కడికీ పోలేదు. గొంతు చదివింది అక్షరాలే.

"ఒకటే పెద్దమ్మా."

పెద్దమ్మ తల ఊపింది. ఒక్కో వేలూ ఎత్తి, సరే అని కొట్టి, పంపేసింది. గొంతు "పంపబడింది" అంది. పిల్లి తెర ఆర్పి తువ్వాలు కప్పింది. నాలుగు మూలలూ సమానంగా వచ్చేదాకా సర్దింది.

*

బుధవారం పెద్దమ్మ చూపులేని పిల్లలున్న ఒక బడి టీచరుకి ఫోను చేసింది. ఈ ఏడాది ఒక రోజైనా మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టక్కర్లేదని చెప్పింది. అవతలి ఆవిడ ఏమందో కానీ పెద్దమ్మ చాలాసేపు నవ్వింది. గురువారం పెదనాన్నని పంపి మూతలున్న డబ్బాలు ఇంకో పన్నెండు తెప్పించింది. బళ్లకి నమూనాలు పంపించాలట. "మట్టి అమ్ముకునే రోజులొచ్చాయి మనకి" అని పెదనాన్న డబ్బాలన్నీ గోడ వారన పేర్చాడు. పిల్లి వాటి మీద కాగితం ముక్కలు అంటించింది. పెద్దమ్మ వేలితో తడిమి గుర్తుపట్టేలా ఒక్కో కాగితానికి సూదితో చుక్కలు పొడిచింది. ఇటుక బట్టీ మట్టికి మూడు చుక్కలు, కాలువ గట్టుదానికి నాలుగు. పొడుస్తుంటే వేలికి గుచ్చుకుంది. ఊరుకుంది.

ఆ రెండు రోజులూ డైరీ తీసింది కానీ ఏమీ రాయలేదు. రాస్తే ఎవరైనా చదువుతారని కాదు.

శనివారం పొద్దుటి నుంచి గేటు చప్పుడు కోసం విన్నది. పాలవాడు వచ్చాడు, పక్కింటివాళ్ల చుట్టాలు అడ్రసు అడగడానికి వచ్చారు. మధ్యాహ్నం పెదనాన్న ఫోను తీసుకుని కన్వీనరుకి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఇంకోసారి చేసింది. సాయంత్రం ఇంకోసారి. ఎవరికే అన్నిసార్లు అని పెదనాన్న అడిగితే స్నేహితురాలికని చెప్పింది. ఒక అబద్ధం చెప్పాక రెండోదానికి గొంతు తడబడకపోవడం ఆమెకే వింతగా అనిపించింది. ఆదివారం కూడా ఎవరూ రాలేదు.

సోమవారం, లైబ్రరీ పుస్తకాలు ఇచ్చేసి వస్తానని చెప్పి, పుస్తకాలు సంచిలో వేసుకుని బస్సెక్కింది. ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. మెట్ల పక్కన పాత పుస్తకాల కట్టలు, తాళ్లతో కట్టినవి, ఒకదాని మీద ఒకటి పడేసి ఉన్నాయి. లోపల పొడుగాటి గది, బల్లలు, ఫ్యాను గాలికి ఎగరకుండా కాగితాల మీద గాజు దిమ్మలు. ఎవరో ఒకాయన ఎవరు కావాలని అడిగాడు. పిల్లి కన్వీనరు బల్ల వైపు వేలు చూపించింది.

"పిన్నీ" అంది దగ్గరికి వెళ్లి.

కన్వీనరు తలెత్తింది. పక్క బల్లవాళ్ల వైపు ఒకసారి చూసింది. "ఇక్కడ మేడం అనాలమ్మా" అంది. కుర్చీ చూపించింది.

పిల్లి కూర్చోలేదు. శనివారం వస్తానన్నారు కదా అని అడిగింది. పని పడిందని చెప్పింది ఆమె. పుస్తకం బుధవారం ప్రెస్సుకి పోతుందని, ఊపిరాడటం లేదని, కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకుంది. ఆమె కళ్ల కింద నిజంగానే నల్లగా ఉంది. పెద్దమ్మకి ఎప్పుడు చెప్తారని అడిగింది పిల్లి.

"సరే అనేశారుగా. ఇంకేం చెప్పాలి?"

"పెద్దమ్మకి తెలీదు కదా మేడం. మీకు తెలుసు కదా తెలీదని."

కన్వీనరు సొరుగు లాగి ఒక ఫైలు తీసింది. కోపంగా కాదు. ఆఫీసులో ఎవరైనా ఏదైనా అడిగితే తీసినట్టే తీసింది. కాగితాలు తిప్పి ఒకచోట వేలు పెట్టి, ఫైలు పిల్లి వైపు తిప్పింది.

"పైవాళ్లు అదే అడిగారు. ఆవిడకి కనపడదు కదా, గీతలు కొట్టి పంపితే ఎలా తెలుస్తుందని. ఇంట్లో చూసి చెప్పే అమ్మాయి ఉందని చెప్పాను."

కాగితం మీద ఇలా ఉంది: "సదరు రచయిత్రికి సహాయకురాలిగా ఉన్న అమ్మాయి కొట్టివేతలను స్వయంగా చూసినట్టు మంగళవారం ఫోనులో ధ్రువీకరించింది. ఆ తరువాతే రచయిత్రి సమ్మతి అందింది."

పిల్లి రెండుసార్లు చదివింది. బాగా చూశావా, ఏవి ఉన్నాయో ఏవి పోయాయో అని ఆమె ఎందుకడిగిందో అప్పుడు తెలిసింది. మెయిల్ అందిందో లేదో కనుక్కోడానికి కాదు ఆ ఫోను.

వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసింది. మళ్లీ వచ్చింది. ఇంత పొడుగు ప్రశ్న కొత్తవాళ్ల మధ్యలో ఎప్పుడూ అడగలేదు. "ఏడాదంతా తీసివేత మొదలు అని మాటల్లోనే రాశారు కదా మేడం. ఈ ఒక్కదానికీ ఎందుకు రాయలేదు?"

"రాస్తే సరే అనేదా?" అంది కన్వీనరు. ఫైలు మూసి, మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుంది.

*

బస్సులో వస్తున్నంతసేపూ పిల్లి ఒకటే లెక్క వేసుకుంది. ప్రెస్సుకి వెళ్లేది బుధవారం. ఇవాళ సోమవారం. పెద్దమ్మ సరే వెనక్కి తీసుకుంటే పాఠం ఆగుతుంది. ఇంకా రెండు రోజులున్నాయి.

పెద్దమ్మ గదిలోనే ఉంది. పిల్లి గుమ్మం దగ్గరే నిలబడి చెప్పేసింది. గీతలు, బొమ్మ, ఫోను, శనివారం, ఆఫీసు, ఫైలు. ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. సగంలో ఏడుపు వచ్చింది కానీ ఆపకుండా చెప్పింది. సంచిలో పుస్తకాలు అలాగే ఉన్నాయి.

పెద్దమ్మ కీబోర్డు వైపు తిరిగింది. కీబోర్డు మీద ఏవో రెండు మూడు బటన్లు కలిపి నొక్కింది. గొంతు చేత అక్షరాల తీరు కూడా చెప్పించే ఏర్పాటు ఒకటుంది. ప్రతి ముక్కకీ లావు, సన్నం, రంగు అని చెబుతూ విసిగిస్తుందని ఎప్పుడూ ఆపేసి ఉంచుతుంది. మంగళవారం మెయిల్ తెరిచింది.

"కొట్టివేత. మట్టిని గుప్పెడు తీసుకుని కొద్దికొద్దిగా తడపండి. కొట్టివేత. చేతికి అంటుకోకుండా ఉండేదాకా పిసకండి. కొట్టివేత."

గొంతుకి బాధా లేదు, తొందరా లేదు. పెద్దమ్మ వేగం పెంచలేదు. ఒక్కో వరసా వస్తుంటే ఆమె బొటనవేలు చూపుడువేలి మీద అటూ ఇటూ కదిలింది. పెదనాన్న ఎప్పుడొచ్చాడో వచ్చి గుమ్మం పక్కన గోడకి ఆనుకున్నాడు. అత్తగారి మీద ఈసారి ఏమీ అనలేదు. "కొట్టివేత. జిగట మట్టి బొటనవేలిని ఒక పట్టాన వదలదు" అన్నాక పిల్లి నేల వైపు చూసింది. చివరి వరసదాకా విన్నాక పెద్దమ్మ గొంతు ఆపింది.

"ఏ రోజు చూశావు?"

"మంగళవారం."

"నేను అడగక ముందా, అడిగిన తర్వాతా?"

"ముందే."

పెద్దమ్మ తల ఊపింది. సరే అని కొట్టే ముందు ఊపినట్టే. తర్వాత కొత్త మెయిల్ తెరిచి, బృందంలో అందరి పేర్లూ పెట్టింది. కొడుతుంటే గొంతు ఒక్కో మాటా వెనకాలే చదివింది. "నా సమ్మతిని వెనక్కి తీసుకుంటున్నాను. నాకు పంపిన ప్రతిలో కొట్టివేతలు ఉన్నట్టు నాకు తెలియదు." అక్కడ వేళ్లు ఆగాయి.

"ఫైల్లో ఏమని ఉందో మళ్లీ చెప్పు."

పిల్లి చెప్పింది. అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. సహాయకురాలు చూసినట్టు ధ్రువీకరించింది.

"అయితే తెలియదంటే నమ్మరు" అన్నాడు పెదనాన్న. "ఇంట్లో పిల్ల చూసి కూడా చెప్పలేదంటే ఎవరు నమ్ముతారు?"

పెద్దమ్మ వేళ్లు కీబోర్డు మీదే ఉన్నాయి, కదలకుండా. పిల్లి గదిలోకి ఒక అడుగు వేసింది. ఆఫీసు నుంచి ఇంటిదాకా ఇది తట్టలేదు, ఇప్పుడు తట్టింది. ఇది చేస్తే అంతా సరైపోతుందనిపించింది.

"నేను చూడలేదని రాయి పెద్దమ్మా" అంది. "ఫోనులో ఆవిడ గట్టిగా అడిగితే భయపడి చూశానన్నానని రాయి. నిజంగా చూడలేదని నేను కూడా సంతకం పెట్టి పంపిస్తాను. ఎవరొచ్చి అడిగినా అదే చెప్తాను. అప్పుడు నమ్ముతారు. పాఠం ఆగుతుంది."

పెద్దమ్మ చేతులు కీబోర్డు మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇంకొకటా?" అంది.

పిల్లికి వెంటనే అర్థం కాలేదు.

"ఆవిడ నాకు కనపడదని గుర్తుపెట్టుకుని మరీ గీతలు కొట్టింది" అంది పెద్దమ్మ. గొంతు పెంచలేదు. "కానీ ఫైల్లో అబద్ధం రాయలేదు. నువ్వు చూశావనే రాసింది. నాకు అబద్ధం చెప్పింది నువ్వొక్కదానివే."

"నీకోసమే కదా పెద్దమ్మా. నీ పేరు పోతుందని..."

"నేను అడిగాను. ఒకటేనా అని."

పెదనాన్న ఏదో అనబోయి, పోనీలే చిన్నపిల్ల అని సగం అని, పెద్దమ్మ ముఖం చూసి ఆగిపోయాడు. పెద్దమ్మ మళ్లీ కీబోర్డు మీదకి వంగింది. తెలియదు అన్న వాక్యం తర్వాత ఇంకోటి కొట్టింది. "నా ఇంట్లో చూసినవారు నాకు చెప్పలేదు. అదీ నిజమే." గొంతు చదివింది. ఆ తర్వాత, "ఇకపై నా మెయిళ్లు వేరెవరూ చూడరు. నాకు వినపడనిది నాకు పంపినట్టు కాదు" అని కొట్టింది. అక్కడ ఆగి, ఈ మెయిల్ ఇంకా పొడుగు పడుతుందని, గీతలు కొట్టిన ప్రతి వాక్యం గురించీ రాయాలని పెదనాన్నతో చెప్పింది. పిల్లితో చెప్పలేదు.

"నేను ఇక్కడే కూర్చుంటాను. ఏమీ మాట్లాడను. ఏదైనా చూడాల్సి వస్తే..." అంది పిల్లి.

"చూడాల్సింది ఏమీ లేదమ్మా."

ఆమె ఎప్పుడూ పిల్లిని అమ్మా అనదు.

పెద్దమ్మ లేచింది. కుర్చీ నుంచి గుమ్మానికి ఐదడుగులు, లెక్క ఆమెకి తెలుసు. పెదనాన్న పక్కకి తప్పుకుని వరండాలోకి వెళ్లాడు. పిల్లి కదల్లేదు. మామూలుగా అయితే ఇంత దగ్గరికొచ్చినప్పుడు పెద్దమ్మ, ఉన్నావా, చప్పుడు చెయ్యవే అని కసురుతుంది. ఇప్పుడు చెయ్యి చాపి గాల్లో వెతికింది. వేళ్లు పిల్లి భుజానికి తగిలాయి. భుజం మీద నుంచి మోచేతి దాకా తడిమి, ఎక్కడ నిలబడిందో, గడపకి ఎంత దూరంలో ఉందో చూసుకుంది. తలుపు రెక్క పిల్లకి తగలకుండా ఒక్క అడుగు వెనక్కి, గడప అవతలికి, మెల్లగా నెట్టింది.

అప్పుడు తలుపు మూసింది.